గుర్రానికి బడి ఉంది, మన ఎద్దుకి ఎందుకు లేదు?

ఈసారి పోస్టు గుర్రాల గురించి. "పత్తి రేటు గురించి రాయకుండా గుర్రాల గోల మనకెందుకయ్యా" అనుకునేవాళ్ళు ఉంటారు. చివరిదాకా చదవండి, ఇది మన కొట్టంలో కట్టేసిన ఎద్దు గురించే అని మీకే తెలుస్తుంది.

2023 సెప్టెంబరు 26న చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన దేశానికి గుర్రపుస్వారీలో బంగారు పతకం వచ్చింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల తర్వాత ఆ విభాగంలో స్వర్ణం రావడం 41 ఏళ్ళకి అదే మొదలు. సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనుష్ అగర్వాలా అనే నలుగురు జట్టుగా గెలిచారు. మన స్కోరు 209.205, చైనాది 204.882. రెండు రోజుల తర్వాత అనుష్‌కి విడిగా కాంస్యం కూడా వచ్చింది. ఆ ఆట పేరు డ్రెస్సాజ్. టీవీలో ఒక్క నిమిషం చూపించి వదిలేశారు. చూసినవాళ్ళు కూడా "ఇందులో పరుగూ లేదు, దూకుడూ లేదు, పతకం దేనికిచ్చారు?" అనుకునే ఉంటారు.

దేనికిచ్చారో చెబుతాను. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న ఇసుక బరి. అంటే ముప్పై సెంట్లు కూడా లేని చెక్క. చుట్టూ అక్షరాలు రాసిన పలకలు ఉంటాయి. ఫలానా అక్షరం దగ్గర నడక మార్చాలి, ఫలానా దగ్గర ఆగాలి, ఇక్కడ పక్కకి అడుగులేస్తూ పోవాలి, అక్కడ నిలబడ్డ చోటే అడుగులెయ్యాలి. ఒక్కో పనికి సున్నా నుంచి పది దాకా మార్కులు. నోటితో గుర్రాన్ని అదిలించకూడదు, అదిలిస్తే మార్కు పోతుంది. మనిషి చెయ్యి, కాలు, నడుము కదిలాయా లేదా అన్నట్టుండాలి, గుర్రం మాత్రం చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. బయట నుంచి చూసేవాడికి గుర్రం తనంతట తానే నాట్యం చేస్తున్నట్టుండాలి. ఫలితాల పట్టీలో మనిషి పేరు పక్కనే గుర్రం పేరు కూడా రాస్తారు. అనుష్ కాంస్యం తెచ్చినప్పుడు పక్కన ఎట్రో అనే గుర్రం పేరుంది. డ్రెస్సాజ్ అనేది ఫ్రెంచి మాట, శిక్షణ ఇవ్వడం అని అర్థం.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. గుర్రం మనకి కొత్తదేం కాదు. మాచర్ల పక్కన నాగార్జునకొండ, ఒకప్పటి విజయపురి. మూడో శతాబ్దంలో అక్కడ ఏలిన ఇక్ష్వాకుల మొదటి రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేశాడని శాసనాలు చెబుతున్నాయి. సాగర్ ప్రాజెక్టులో ఆ లోయ మునిగిపోయే ముందు, 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి దొరికింది దొరికినట్టు కొండ మీదికి చేర్చారు.

అక్కడి శిల్పాల్లోనూ, అమరావతి శిల్పాల్లోనూ పదే పదే కనిపించే గుర్రం ఒకటుంది. దాని పేరు కంథకం. సిద్ధార్థుడు అర్ధరాత్రి ఇల్లు వదిలి వెళ్ళింది దాని మీదే. వెంట ఛన్నుడనే గుర్రాలవాడు. యజమాని ఇక తిరిగి రాడని తెలిసి ఆ గుర్రం దిగులుతో ప్రాణం విడిచిందని కథ. ఈ శిల్పాలు చెక్కింది వేరే ఎక్కడి రాయి మీదో కాదు, మన పలనాటి సున్నపురాయి మీద. ఇప్పుడు సిమెంటుకి పోతున్న రాయే. లండన్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాల రాయి కూడా ఇదే. మనిషికీ గుర్రానికీ మధ్య ఉండే మమతని రాయి మీద పెట్టిన నేల మనది.

కానీ గుర్రం ఎప్పుడూ రైతు ఇంటికి రాలేదు. అది రాజుల వస్తువుగానే ఉండిపోయింది. దానికి ఒక కారణం ఉంది. మంచి గుర్రాలు అరబ్బు దేశాల నుంచి, పర్షియా నుంచి ఓడల్లో రావాలి. బాపట్ల దగ్గరి మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవాళ్ళనీ, ఇక మీదట సుంకం తప్ప ఏమీ తీసుకోమనీ అందులో మాట ఇచ్చాడు. వర్తకుడు భయపడి రాకపోతే గుర్రం రాదు మరి.

విజయనగరం రోజుల్లో ఈ ఖర్చు ఇంకా పెరిగింది. గుర్రాల వ్యాపారం కోసం వచ్చిన పోర్చుగీసు నూనిజ్ రాసిన దాని ప్రకారం, సాళువ నరసింహుడు వెయ్యి పర్దావులకి మూడు గుర్రాల చొప్పున కొనేవాడు. దారిలో సముద్రం మీద చచ్చిపోయిన గుర్రానికి కూడా, తోక తెచ్చి చూపిస్తే బతికున్న గుర్రం ధరే ఇచ్చేవాడు. పర్దావు అంటే బంగారు నాణెం. ఆలోచించండి, తోకకి బంగారం! కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ, ఏనుగులూ గుర్రాలూ తెచ్చే విదేశీ వర్తకుల్ని బాగా చూసుకో, ఆ సరుకు శత్రువు చేతికి పోనివ్వకు అన్నాడు.

ఇన్ని వందల ఏళ్ళు ఇంత డబ్బు పోసి కొన్నాం కదా, మరి గుర్రాలు మన దగ్గరే ఎందుకు వృద్ధి కాలేదు? వాతావరణం, మేత కొంత కారణం. ఇంకో కారణం 1290ల ప్రాంతంలో దక్షిణాదికి వచ్చిన మార్కో పోలో చెప్పాడు. పాండ్యుల నాట రాజు ఏడాదికి రెండు వేలకి పైగా గుర్రాలు కొంటాడట, ఏడాది తిరిగేసరికి వంద కూడా బతకవట. అన్నం వండి మాంసం కలిపి పెట్టేవాళ్ళట. గుర్రాల వైద్యం తెలిసినవాళ్ళు లేరట. అన్నిటికన్నా ముఖ్యమైన మాట, గుర్రాలమ్మే వర్తకులే అలాంటి వైద్యుల్ని ఈ దేశానికి రానివ్వకుండా చూసుకునేవాళ్ళట. గుర్రాలు చావడమే వాళ్ళకి లాభం. వచ్చే ఏడాది మళ్ళీ కొంటారు కదా.

ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. సరుకు అమ్ముతాం, విద్య మాత్రం ఇవ్వం. ప్రతి ఏడూ మా దగ్గరికే రావాలి. విత్తనం ప్యాకెట్టు కొనేటప్పుడు ఈ సంగతి మనకి గుర్తుకు రాదూ?

అలాగని మనవాళ్ళకి ఏమీ తెలియదని కాదు. గుర్రాల శాస్త్రానికి శాలిహోత్రుడి పేరు, నకులుడి పేరు పెద్దవాళ్ళు చెబుతారు. అమరకోశంలోనే గుర్రం నడకలు ఐదని, వాటిని పంచధారలంటారని, ధౌరితకం, వల్గితం, ప్లుతం అంటూ ఒక్కోదానికి ఒక్కో పేరు ఉంది. డ్రెస్సాజ్‌లో ఇవాళ మార్కులు వేసేది కూడా నడకలకే. తెలుగులో మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసము' అని గుర్రాల మీద పద్యాల్లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. మనం ఎద్దు కొనేటప్పుడు సుడి ఎక్కడుంది, కొమ్ము ఎలా ఉంది అని చూస్తాం కదా, గుర్రానికి అలాంటి లక్షణాలు చెప్పే పుస్తకం. కానీ పుస్తకం పండితుడి దగ్గర, గుర్రం రాజు దగ్గర, పగ్గం పట్టే చెయ్యి చదువు రాని గుర్రాలవాడి దగ్గర ఉండిపోయాయి. మూడూ ఒక చోట కూర్చునే బడి రాలేదు.

ఐరోపాలో జరిగింది వేరు. వాళ్ళేమీ మనకన్నా దయగలవాళ్ళు కాదు, గుర్రం వాళ్ళకీ యుద్ధం కోసమే. కానీ బడి పెట్టారు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్ 1572 నాటికే ఉంది, ఇప్పటికీ నడుస్తోంది. జర్మనీ అశ్వికదళం 1912లో శిక్షణ పుస్తకం అచ్చువేసింది. గుర్రానికి పాఠం చెప్పే వరస ఆ దారిలో స్థిరపడి ఆరు మెట్లుగా మారింది. ముందు నడకలో తాళం కుదరాలి. తర్వాత ఒళ్ళు బిగుసుకోకుండా సడలాలి. తర్వాత కళ్ళెం దగ్గర మెత్తని పట్టు రావాలి, లాగుడు కాదు. తర్వాత ముందుకుపోయే ఊపు, ఆ తర్వాత ఒళ్ళంతా ఒకే తిన్నలో నడవడం, చివరికి బరువు వెనక కాళ్ళ మీదికి తీసుకుని తనని తాను కూడగట్టుకోవడం. మొదటి మెట్టు కుదరకుండా ఆరో మెట్టుకి పోతే గుర్రం పాడవుతుంది.

అరక తోలినవాళ్ళు ఈ ఆరూ మళ్ళీ చదవండి. కోడెకి కాడి అలవాటు చేసేటప్పుడు మన పెద్దవాళ్ళు చేసిందీ ఇదే కదా? ముందు మెడ మీద చెయ్యి వేసి మచ్చిక చేయడం, తర్వాత ఉత్త కాడితో తిప్పడం, తర్వాత నెమ్మదైన ముసలి ఎద్దు పక్కన కట్టడం, నడక కుదిరాక తేలిక బరువు, చివరికి నాగలి. ఎలపట ఎద్దు ఏది, దాపట ఎద్దు ఏది అని ముందే చూసుకుని కట్టేవాళ్ళు. చాలు చివరికి వచ్చాక పగ్గం లాగక్కర్లేకుండా నోటి మాటకే తిరిగే జత ఉంటే ఊరంతా చెప్పుకునేది. వాళ్ళు ఫ్రెంచి మాట వినలేదు గానీ విద్య మాత్రం అదే.

మరి తేడా ఎక్కడొచ్చింది? యంత్రం వచ్చినప్పుడు వచ్చింది.

మొదటి ప్రపంచయుద్ధం నాటికి కూడా గుర్రపు దళాలు ఉన్నాయి. మన నిజాం సంస్థానం పంపిన హైదరాబాద్ లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనాల దాకా వెళ్ళారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ పేరు మీద ఉన్నదే, మిగతా రెండూ జోధ్‌పూర్, మైసూర్ దళాలవి. ఆ తర్వాత మరతుపాకీ, ట్యాంకు వచ్చాయి. రెండో యుద్ధం అయ్యేసరికి సైన్యాల్లో గుర్రానికి దాదాపు పని పోయింది. సరిగ్గా ట్రాక్టరు వచ్చాక మన ఎద్దుకి పోయినట్టు.

పని పోతే విద్య కూడా పోవాలి. గుర్రం విషయంలో పోలేదు, ఎందుకంటే విద్యని పని నుంచి విడదీసి ఆటగా, పరీక్షగా మార్చారు. అది కూడా ఊరికే జరగలేదు. డ్రెస్సాజ్ 1912లో ఒలింపిక్స్‌లోకి వచ్చింది గానీ చాలాకాలం ఆఫీసర్ల ఆటగానే ఉంది. సైన్యంలో ఉండి ఆఫీసరు హోదా లేనివాడు బరిలోకి రాకూడదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వీడన్ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో గెహ్నల్ పెర్సన్ అనే ఆయన అసలు హోదా సార్జెంటు. పోటీ కోసం తాత్కాలికంగా ఆఫీసర్ని చేసి, అయ్యాక మళ్ళీ కిందికి దించారు. ఆ సంగతి బయటపడి పతకం వెనక్కి తీసుకున్నారు. గుర్రం తప్పు చెయ్యలేదు, మనిషి తప్పు తొక్కించలేదు, భుజం మీద పట్టీ తక్కువైంది, అంతే.

ఆ గొడవ తర్వాత నియమం మారింది. 1952 హెల్సింకిలో ఆఫీసర్లు కానివాళ్ళకి, ఆడవాళ్ళకి కూడా తలుపు తెరిచారు. అదే పెర్సన్ మళ్ళీ వచ్చి జట్టుతో స్వర్ణం గెలిచాడు. డెన్మార్క్ నుంచి లిస్ హార్టెల్ అనే ఆవిడ వచ్చింది. 1944లో పోలియో వచ్చి మోకాళ్ళ కింద చచ్చుబడిపోయింది. గుర్రం ఎక్కించడానికీ దించడానికీ మనుషులు పట్టాలి. కాలితో ఒత్తి చెప్పలేని మనిషి మాట ఆ గుర్రం ఎలా విన్నదో ఊహించండి. జూబిలీ అనే ఆ గుర్రం మీద ఆమె మగవాళ్ళతో పోటీపడి వెండి పతకం గెలిచింది. 1956లో మళ్ళీ గెలిచింది. తలుపు తెరవకపోతే ఆవిడ ఎవరో లోకానికి తెలిసేది కాదు.

మన దేశంలోనూ అదే దారి. 1982లో గుర్రపుస్వారీ స్వర్ణాలు సైన్యం చలవ. 2023లో గెలిచిన నలుగురిలో ఒక్కరు కూడా సైనికులు కారు. ఇండోర్, జైపూర్, ముంబై, కోల్‌కతా పిల్లలు. అనుష్ కుర్రవయసులోనే జర్మనీ వెళ్ళి హుబెర్టస్ ష్మిట్ అనే గురువు దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకున్నాడు. 2024 పారిస్ ఒలింపిక్స్ డ్రెస్సాజ్‌లో మన దేశం తరఫున దిగిన మొదటి మనిషి అయ్యాడు. ఏడు వందల ఏళ్ళు గుర్రాన్ని కొన్నాం, ఇప్పుడు విద్యని కూడా తెచ్చుకోవడం మొదలుపెట్టాం, పతకం వచ్చింది. నాకు కనిపించే తేడా అది.

"ఇది డబ్బున్నోళ్ళ ఆట కదా" అంటారు. నిజమే, కాదనను. ఆ స్థాయి గుర్రం ధర మన ఊళ్ళో ఎవరూ పెట్టలేరు. తెలుగు నేల మీద గుర్రపుస్వారీ పాఠం తప్పనిసరిగా చెప్పే చోటంటే హైదరాబాద్ శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడమీ గుర్తొస్తుంది. ఐపీఎస్‌కి ఎంపికైనవాళ్ళకి అక్కడ ఈనాటికీ స్వారీ నేర్పుతారు. మన పిల్లల్ని డ్రెస్సాజ్‌కి పంపుదామని నేను చెప్పడం లేదు. ఆ ఆట బతికిన తీరు చూసి మన విద్యని బతికించుకుందాం అంటున్నాను.

ఎందుకంటే మనకి మిగిలింది ఒక్క బండలాగుడే. సంక్రాంతికీ, శివరాత్రికీ, తిరునాళ్ళకీ ఒంగోలు గిత్తల పోటీలు పెడతాం. రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అని విభాగాలు చేస్తాం. ఇచ్చిన టైములో బండని ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క. ఆ పోటీల వల్లే కదా మేలైన జాతి ఇంకా మిగిలింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ బండలాగుడు కొలిచేది బలాన్ని. తిన్నగా చాలు తీసే జత, మాటకి ఆగే జత, పసిపిల్లాడు పగ్గం పట్టినా నెమ్మదిగా నడిచే జత, వాటికి మన దగ్గర పోటీ లేదు. పోటీ లేని విద్యని కుర్రోళ్ళు ఎందుకు నేర్చుకుంటారు? బలానికే బహుమతి ఉన్నప్పుడు చెర్నాకోల, ములుగర్ర కూడా పెరుగుతాయి. ఆ గొడవ కోర్టులదాకా పోయింది కూడా. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్ల పందేల మీద నిషేధం పెట్టింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలు మార్చుకున్నాక 2023లో వాటిని ఒప్పుకుంది.

డ్రెస్సాజ్ వాళ్ళకీ ఈ మచ్చ ఉంది, దాచిపెట్టక్కర్లేదు. ఒలింపిక్స్‌లో ఆరు పతకాలు గెలిచిన బ్రిటన్ రైడర్ షార్లెట్ డుజార్డిన్, ఒక శిక్షణలో గుర్రం కాళ్ళ మీద పొడుగాటి కొరడాతో కొడుతున్న వీడియో బయటికి వచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్ మొదలయ్యే ముందే ఆమె తప్పుకోవాల్సి వచ్చింది. ఏడాది నిషేధం, పదివేల స్విస్ ఫ్రాంకుల జరిమానా పడ్డాయి. ఎంత పెద్ద పేరైనా కొట్టి నేర్పితే అది విద్య కాదని వాళ్ళ నియమమే చెప్పింది. నియమం రాసిపెట్టి ఉంది కాబట్టే చెప్పగలిగింది.

ఐర్లండులో రైతులు 1931 నుంచి దుక్కి పోటీలు పెడుతున్నారు. ట్రాక్టర్లు వచ్చాక కూడా గుర్రాలతో దున్నే విభాగం తీసెయ్యలేదు. చాలు ఎంత తిన్నగా ఉంది, లోతు అంతటా ఒకేలా ఉందా అని చూసి మార్కులు వేస్తారు. రాజులూ లేరు, ఆఫీసర్లూ లేరు, అంతా రైతులే.

మనం చేయలేమా? వచ్చే సంక్రాంతికి బండలాగుడు పక్కనే ఒక చిన్న పోటీ పెడదాం. ఎకరంలో నాలుగో వంతు చెక్క చాలు. నాలుగు జెండాలు పాతండి. జత కాడి కట్టించుకోవడం, జెండా దగ్గర ఆగడం, ఎలపటకీ దాపటకీ తిరగడం, ఒక తిన్నని చాలు తీయడం, వెనక్కి అడుగులెయ్యడం. ఒక్కోదానికి పది మార్కులు. కర్ర ఎత్తితే మార్కు కోత, దెబ్బ తగిలితే జత బయటికి. పెద్ద వయసు రైతులే న్యాయనిర్ణేతలు. పట్టీలో రైతు పేరు పక్కన ఎద్దుల పేర్లు కూడా రాద్దాం. ఆడపిల్లలు పగ్గం పడతామంటే పట్టనిద్దాం, 1952 దాకా ఆగక్కర్లేదు మనం.

ఇంకో పని ఇవాళే చేయొచ్చు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎడ్లకి కాడి నేర్పిన తాతలు ఉన్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని ఫోనులో వీడియో తీయండి. ఏ వయసులో మొదలుపెట్టేవాళ్ళు, మొదటి రోజు ఏం చేసేవాళ్ళు, మొండికేస్తే ఏం చేసేవాళ్ళు, ఏ మాటతో ఆపేవాళ్ళు, ఏ మాటతో తిప్పేవాళ్ళు, అన్నీ అడగండి. గుర్రాల సంగతి పోర్చుగీసు వర్తకుడు రాస్తే మనకి తెలిసింది. మన ఎడ్ల సంగతి రాయడానికి ఎవరూ ఓడెక్కి రారు.

వీడియోలు ఈ పోస్టు కింద పెట్టండి. ఊరి పేరు, తాత పేరు, ఎద్దుల పేర్లు రాయడం మాత్రం మర్చిపోకండి.